ఖాళీ తూకం ఒక కాటా, లోడు తూకం ఇంకో కాటా

కారు ప్రశ్నలు - షెడ్డు జవాబులు

భీమవరంలో ఉండి రోడ్డు మీద షెడ్డు పెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం ఎప్పుడూ "కారు పొద్దున్నే స్టార్టవడం లేదు" రకమే. ఈ నెల మాత్రం, సంక్రాంతికి ఊరొచ్చిన హైదరాబాద్ కుర్రాళ్ల చలవో ఏమో, అందరిదీ ఒకటే గోల. ఫలానా పార్ట్ బయట కొని వేయించాం, నిజంగా ఏమన్నా పెరిగిందా, ఎలా తెలుస్తుంది? మిగతావి వచ్చే నెలకి పెట్టి ఇవే తీశాను.

ప్రశ్న: మాస్టారూ, నాది 2017 స్విఫ్ట్ డీజిల్. రోజూ చెరువుల మీదకి తిరుగుడే. మూడు నెలల కింద ఇంజిన్ పవర్ పెంచే ట్యూనింగ్ బాక్స్ పెట్టించాను. 16 వేలు అయింది. లాగుడు బాగా పెరిగింది. మైలేజీ కూడా డాష్‌బోర్డు మీద ఇదివరకు 19.2 ఉండేది, ఇప్పుడు 21 చూపిస్తోంది. మా బావమరిది మాత్రం నమ్మడు. పెట్టకముందు మూడు ట్యాంకులు, పెట్టాక మూడు ట్యాంకుల బంకు బిల్లులు పంపుతున్నాను. మీరే తేల్చండి.
- ఒక రొయ్యల రైతు, పాలకొల్లు

జవాబు: రైతుగారూ, బిల్లులు దాచి పంపినందుకు ముందు మీకో దండం. ముప్ఫై ఏళ్లలో నాకు కాగితాలు చూపించి మాట్లాడినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మీ బిల్లులు కూడి చూశాను. పెట్టకముందు 1,764 కిలోమీటర్లకి 98 లీటర్లు. అంటే లీటరుకి 18. పెట్టాక 1,788 కిలోమీటర్లకి 101 లీటర్లు. అంటే 17.7. డాష్‌బోర్డేమో 1.8 పెరిగిందంటోంది, బంకు బిల్లేమో 0.3 తగ్గిందంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఈసారికి అది బంకువాడు కాదు.

అసలు సంగతి ఏంటంటే, మీ కారులో డీజిల్‌ని చెంబుతో కొలిచినట్టు కొలిచే సాధనం ఏదీ లేదు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకి దాన్ని అందించే పైపులో (దాన్నే రైలు అంటాం) ప్రెషర్ ఎంతుందో ఒక సెన్సర్ చెబుతుంది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉంచిందో కంప్యూటర్‌కి తెలుసు. ఆ రెండూ కలిపి "ఇంత డీజిల్ పోయింది" అని లెక్క కడుతుంది. మైలేజీ మీటరు చూపేది ఆ లెక్కే. మీరు పెట్టించిన రకం బాక్స్ సరిగ్గా ఆ సెన్సర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యలో దూరుతుంది. ప్రెషర్ ఉన్నదానికంటే తక్కువ ఉందని కంప్యూటర్‌కి చెబుతుంది. అది నమ్మి కంప్యూటర్ ప్రెషర్ పెంచుతుంది. ఇంజెక్టర్ ఇదివరకటంతసేపే తెరిచి ఉన్నా ఎక్కువ డీజిల్ పడుతుంది. అందుకే లాగుడు. కానీ లెక్క పుస్తకంలో మాత్రం పాత తక్కువ ప్రెషరే రాసి ఉంటుంది. గుమాస్తాకి తప్పుడు చీటీ అందించి, సాయంత్రం అదే పుస్తకం తెరిచి "చూశారా, ఖర్చు తగ్గింది" అన్నట్టు. ఈ బాక్స్ పెట్టిన కారులో డాష్‌బోర్డు మైలేజీ చూసి మురిసిపోవడం ఆపేయండి.

అలాగని బంకు బిల్లుల్లో తగ్గిన 0.3 కూడా నేను బాక్స్ ఖాతాలో రాయను. అది రెండు శాతం కూడా లేదు. ఆ మూడు నెలల్లో మీరు ఏ చెరువుకి ఎన్నిసార్లు వెళ్లారో, వెనక సీట్లో మేత బస్తాలు ఎన్ని వేశారో, కొత్త లాగుడు మోజులో కాలు ఎంత బరువుగా వేశారో నాకు తెలీదు. మీకూ గుర్తుండదు. ఒకే పంటలో మేత, ప్రోబయోటిక్, ఏరేటర్లు మూడూ మార్చేసి రొయ్య సైజు (కౌంట్) బాగా వచ్చిందంటే, దేనివల్ల వచ్చిందో మీరే చెప్పలేరు కదా. కారూ అంతే. బాక్స్ పెట్టించిన రోజే ఆయిల్ కూడా మార్పించారని బిల్లు వెనక రాసుకున్నారు. టైర్లలో గాలి కూడా ఆ రోజే కొట్టించి ఉంటారని నా అనుమానం.

ఒక పని చేయండి. బాక్స్ పీకి పాత కనెక్టర్ తగిలించండి. పది నిమిషాల పని. అలా మూడు ట్యాంకులు తిరగండి. ఒకే బంకు, ఒకే నాజిల్, పొద్దున్నే. మొదటి క్లిక్‌కే ఆపమనండి, "రౌండ్ ఫిగర్ చేస్తానండి" అంటే ఒప్పుకోకండి. ఆ క్లిక్ తర్వాత పిండి పిండి పోస్తే అర లీటరు దాకా పడుతుంది. పది లీటర్లు పోయించే చోట అర లీటరంటే ఐదు శాతం, మీరు వెతుకుతున్న తేడా కంటే అదే ఎక్కువ. తీసినప్పుడు మైలేజీ మళ్లీ 18కి వస్తే బాక్స్ కొంచెం తాగుతోందని అర్థం. 17.7 దగ్గరే ఉంటే దానికీ దీనికీ సంబంధం లేదు. పెట్టాక కొలిచేవాళ్లు చాలామందే ఉన్నారు, తీసి కొలిచేవాడే దొరకడు.

లాగుడు సంగతి నిజమే, అది నేను కాదనను. మీ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చిన టార్క్, అంటే తిప్పే బలం, 190 న్యూటన్ మీటర్లు. క్లచ్‌ని ఆ లెక్కకే చేశారు. మూడో గేరులో గట్టిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ముల్లు లేచి, కారు మాత్రం ఆ వేగంతో కదలకపోతే క్లచ్ జారుతోందని గుర్తు. అప్పుడు 16 వేలతో ఆగదు. బావమరిదికి ఈ ముక్క చూపించకండి.

ప్రశ్న: అంకుల్, నేను బీటెక్ మెకానికల్ థర్డ్ ఇయర్. నా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కి కోల్డ్ ఎయిర్ ఇంటేక్ (బయటి చల్లగాలి లాగే గొట్టం), హై ఫ్లో ఫిల్టర్ పెట్టించాను. సిటీలో డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే మెషిన్) మీద పెట్టి పేపర్ ఇచ్చారు. ముందు 78 హెచ్‌పీ, తర్వాత 86. కంప్యూటర్ ప్రింటవుట్ కదా, ఇంకా డౌట్ ఎందుకు అంటున్నారు ఫ్రెండ్స్. మీరేమంటారు?
- ఒక విద్యార్థి, అమలాపురం

జవాబు: బాబూ, ఇలాంటి పేపరు ఒకటి నా షెడ్డు గోడ మీద రెండేళ్లు వేలాడింది. లామినేషన్ చేయించి మరీ.

2011లో నా సొంత కారుకి ఫిల్టరూ సైలెన్సరూ మార్పించి, పెద్ద ఊళ్లో ఒక షాపులో డైనో ఎక్కించాను. 80 కాస్తా 86 అయింది. వచ్చినవాడికల్లా ఆ కాగితం చూపించేవాణ్ని. మా ఆవిడ "ఆ కాగితానికి పెట్టిన డబ్బుతో ఇంటికి ఇన్వర్టర్ వచ్చేది" అనేది. రెండేళ్ల తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన బండి సర్వీసింగ్‌కి తెచ్చి, టీ తాగుతూ ఆ కాగితం దగ్గరికెళ్లి నిలబడ్డాడు. పైన గ్రాఫ్ చూడలేదు. కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, అడుగున చీమల బారులా ఉన్న అక్షరాలు చదివాడు. "మాస్టారూ, ముందు రన్‌కి కరెక్షన్ ఎస్‌ఏఈ అని ఉంది. తర్వాత రన్‌కి ఎస్‌టీడీ అని ఉంది. గాలి టెంపరేచర్ ముందు 33, తర్వాత 41. ఇవి రెండూ ఒకే పరీక్ష కాదండి" అన్నాడు. టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆయన చెప్పింది నీకూ చెబుతా, నీ సబ్జెక్టే కాబట్టి తొందరగా ఎక్కుతుంది. వేడిగాలి పల్చన, చల్లగాలి చిక్కన. ఎండలో ఇంజిన్‌కి ఆక్సిజన్ తక్కువ అందుతుంది. అందుకని డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వాతావరణం చూసి "మామూలు రోజైతే ఇంత వచ్చేది" అని లెక్క సరిచేస్తుంది. ఎస్‌ఏఈ పద్ధతిలో ఆ మామూలు రోజంటే 25 డిగ్రీలు. ఎస్‌టీడీలో 15.5 డిగ్రీలు, ఇంకాస్త ఎక్కువ పీడనం. అదే కారు, అదే రన్ అయినా ఎస్‌టీడీ అంకె రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఎక్కువ వస్తుంది, ఒక్క స్క్రూ తిప్పకుండా. ఇక రెండోది టెంపరేచర్. ఆ గాలి సెన్సర్‌ని వేడి ఇంజిన్ పక్కన వేలాడదీస్తే, కంప్యూటర్ పాపం బండి మండుటెండలో పరిగెత్తిందనుకుని జాలిపడి మార్కులు కలుపుతుంది. 8 డిగ్రీలకి ఒకటిన్నర శాతం దాకా కలుస్తుంది. ఈ రెండు ముక్కలతోనే నా ఆరు హార్స్‌పవర్‌లో కనీసం మూడు ఎగిరిపోయాయి. మిగతావి ఎక్కడివో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎందుకంటే పార్ట్ తీసి మూడో రన్ చేయమని నేను అడగలేదు. షాపువాళ్లు కావాలని చేశారనీ అనను. మధ్యలో సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ ఎవడో కుర్రాడు మార్చి ఉండొచ్చు. అడగకపోవడం నా తప్పు.

ధాన్యం లారీ మిల్లుకెళ్తే ఖాళీ తూకం, లోడు తూకం ఒకే కాటా మీద వేస్తారు. ఖాళీ బండి తణుకులో తూచి, లోడు బండి తాడేపల్లిగూడెంలో తూచి లెక్క కడతానంటే ఏ రైతూ ఊరుకోడు. డైనో కూడా కాటాయే. ఆ మాటకొస్తే ఒక డైనో అంకెని ఇంకో ఊరి డైనో అంకెతో పోల్చకూడదు. బ్రోషర్‌లో రాసిన కంపెనీ అంకెతో అసలు పోల్చకూడదు, అది ఇంజిన్ దగ్గర కొలిచింది, ఇది చక్రం దగ్గర కొలిచింది. మధ్యలో గేరుబాక్సూ, బేరింగులూ, టైర్లూ తమ వాటా తినేస్తాయి.

నీ పేపరు మళ్లీ తీసి అడుగున చదువు. కరెక్షన్ ఒకటేనా, గేరు ఒకటేనా, టైంలు ఎంతెంత చూడు. ముందు రన్ నువ్వు హైవే మీద నుంచి వచ్చి ఇంజిన్ కాలిపోతున్నప్పుడు తీసి, తర్వాత రన్ భోజనం చేసొచ్చి బానెట్ తెరిచి పెద్ద ఫ్యాన్ పెట్టి తీసి ఉంటే, నువ్వు కొలిచింది ఫిల్టర్‌ని కాదు, భోజన విరామాన్ని. టైర్లలో గాలి, కారుని రోలర్ మీదకి లాగి కట్టిన పట్టీల బిగింపు కూడా అంకె మారుస్తాయి. ఏమీ మార్చకుండా వరసగా మూడు రన్‌లు తీస్తేనే ఒకటి రెండు శాతం ఊగుతుంది. ఆ ఊగిసలాట తెలియకుండా తేడా గురించి మాట్లాడితే గాల్లో మేడ కట్టినట్టే. పై అంకె ఒక్కటే చూడకుండా, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వేసి మొత్తం చూడు. 6,000 ఆర్‌పీఎం దగ్గర రెండు హార్స్‌పవర్ పెరిగి, 2,500 దగ్గర మూడు తగ్గితే అమలాపురం సందుల్లో నీకు నష్టమే.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా. టర్బో లేని చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి ఫిల్టరూ గొట్టమూ మార్చి పది శాతం పెరగడం నేను నమ్మను. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ పరిశోధనశాల 2009లో ఎయిర్ ఫిల్టర్ల మీద రిపోర్టు ఇచ్చింది. కొత్త రకం ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టర్‌తోనే అంతైతే, శుభ్రంగా ఉన్న కంపెనీ ఫిల్టర్ తీసి ఇంకా శుభ్రమైనది పెడితే ఎంత వస్తుందో నువ్వే ఆలోచించు.

డైనోకి మళ్లీ డబ్బులు లేకపోతే ఊళ్లోనే చూసుకోవచ్చు. మా మేనల్లుడితో నేను చేయించింది చెబుతా. మా దగ్గర రెండు పక్కలా చెరువులున్న తిన్నని రోడ్డుంది. పొద్దున ఐదున్నరకి వెళ్లాం. పొద్దెక్కితే సముద్రం గాలి లేస్తుంది, ఎదురుగాలికి వెళ్లేటప్పుడు ఒక అంకె, వాలుకి వచ్చేటప్పుడు ఒక అంకె. అందుకే అంత పొద్దున్నే, అయినా రెండు వైపులా. ఏసీ ఆపి, అద్దాలు ఎత్తి, మూడో గేరులో 40 నుంచి 80 దాకా పూర్తిగా తొక్కడం. వెనక కూర్చున్నవాడు స్పీడోమీటర్‌ని ఫోన్లో వీడియో తీయడం. ఇంటికొచ్చి వీడియో ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ 40కీ 80కీ మధ్య టైం రాసుకోవడం. ఫోన్ జీపీఎస్ యాప్ వద్దన్నాను, అది మామూలుగా సెకనుకి ఒకసారే చూస్తుంది. వీడియోలో సెకనుకి 30 బొమ్మలుంటాయి. స్పీడోమీటర్ ఐదు ఎక్కువ చూపినా మనకి నష్టం లేదు, రెండుసార్లూ అంతే ఎక్కువ చూపుతుంది. మొదటి రన్‌కి వెనక కూర్చున్నవాడే చివరి రన్‌కీ కూర్చోవాలి. 900 కిలోల కారులో 75 కిలోల మనిషి దిగిపోతే ఎనిమిది శాతం బరువు దిగినట్టు, దానికి ఏ ఫిల్టరూ సరిపోదు.

పాత ఫిల్టర్‌తో పది, కొత్తదానితో పది, మళ్లీ పాతదానితో పది. పాతదానితో 8.7 నుంచి 9.1 సెకన్ల మధ్య ఊగింది. కొత్తదానితో కూడా దాదాపు అంతే. మధ్య అంకెలు చూస్తే తేడా 0.1. ఊగేది 0.4, తేడా 0.1. అంటే తేడా ఉందని చెప్పడానికి లేదు.

చివర్లో చిన్న అల్లరి చేశాను. వాణ్ని పక్కకి పంపి, బానెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా తెరిచి చప్పుడు చేసి, పాతదే మళ్లీ బిగించాను. ఒక రౌండ్ వేసొచ్చి "ఆయ్, ఇది కొత్తదే మావయ్యా, లాగుడు తెలిసిపోతోంది" అన్నాడు. డబ్బా తెరిచి చూపిస్తే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఒక్క జాగ్రత్త. ఇది జనం తిరిగే రోడ్డు మీద చేసే పని కాదు, 80 దాటాల్సిన అవసరమూ లేదు. సార్వా, దాళ్వా కోతలప్పుడైతే అసలే వద్దు. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, నేను లెక్కల టీచర్ని. మావారు ఆన్‌లైన్‌లో ఫ్యూయల్ సేవర్ అని చిన్న ప్లగ్ తెప్పించి స్టీరింగ్ కింద పెట్టారు. పచ్చ లైటు మిణుకుమిణుకుమంటుంది. 150 కిలోమీటర్లయ్యాక కారు నేర్చుకుంటుందట. నిజంగానే మైలేజీ 15 నుంచి 17కి వచ్చింది. ఇందులో కిటుకు ఏమైనా ఉందా?
- ఒక ఉపాధ్యాయిని, తణుకు

జవాబు: అమ్మా, ఆ కిటుకు మీవారి కుడికాలులో ఉంది. ప్లగ్ పెట్టిన రోజు నుంచి ఆయన మీటరు చూస్తూ నడుపుతున్నారు. చూస్తూ నడిపితే ఎవరైనా మెత్తగా తొక్కుతారు, సిగ్నల్ దూరం నుంచే కాలు తీస్తారు. అంతమాత్రానికే పది పదమూడు శాతం రావడం వింతేమీ కాదు. ఆ 150 కిలోమీటర్ల షరతు కూడా గడుసుదే. అంత దూరం తిరిగేసరికి అలవాటు మారిపోయి ఉంటుంది, వస్తువు తిరిగిచ్చే గడువూ దగ్గర పడుతుంది.

ఇలాంటివి నా దగ్గరికి వచ్చినవి రెండు మూడు విప్పాను. లోపల లైట్లు, వాటికి కరెంటు ఇచ్చే నాలుగు ముక్కలు. కారు కంప్యూటర్‌తో మాట్లాడే పిన్నులకి లోపల తీగే లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇంధనం ఆదా చేస్తామన్న సాధనాలు వందకి పైగా పరీక్షించింది. కొద్దోగొప్పో లాభం కనిపించినవి బహు కొద్ది.

కానీ నా మాట మీద ఆయనతో వాదన పెట్టుకోకండి. మీరు లెక్కల టీచరు కదా, పరీక్ష మీరే పెట్టండి. ప్రతి ఆదివారం ఆయన చూడకుండా రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే ప్లగ్ ఉంచండి, బొరుసు పడితే తీసేయండి. ఆ మిణుకు ఆయన కంట పడకుండా నల్ల టేపు అంటించండి, ప్లగ్ ఉన్నా లేకపోయినా అక్కడ టేపు మాత్రం ఉండాలి. వారం వారం బంకు బిల్లూ, కిలోమీటర్లూ ఆయన రాస్తారు. ఏ వారం ప్లగ్ ఉందో మీరు రాస్తారు. ఎనిమిది పది వారాలయ్యాక రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ముందే ఆయన అనుమతి తీసుకోవడం మంచిది. ఇంట్లో గొడవలకి నేను బాధ్యుణ్ని కాను.

ప్రశ్న: 185/65 ఆర్15 టైర్లు తీసి 205/65 ఆర్15 వేయించాను. రోడ్డు పట్టు బాగుంది కానీ మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు పడిపోయింది. వెడల్పు టైరు అంత తాగుతుందా?
- మండపేట

జవాబు: కొంత తాగుతుంది, కానీ మీరు చెప్పినదాంట్లో చాలావరకు తాగింది కాదు, లెక్కలోకి రానిది. పాత టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు, కొత్తది 647. నాలుగు శాతం పెద్దది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇప్పుడు ఎక్కువ దూరం వెళ్తున్నారు, ఓడోమీటర్‌కి మాత్రం ఆ సంగతి తెలీదు. నిజంగా 104 కిలోమీటర్లు వెళ్తే 100 అనే రాస్తుంది. మీ పాత మైలేజీ 20 అయితే, ఏమీ ఎక్కువ తాగకపోయినా ఇప్పుడు 19.2 అనే కనిపిస్తుంది. హైవే మీద కిలోమీటరు రాళ్లతో 20 కిలోమీటర్లు సరిచూసుకుని, ఆ నిష్పత్తితో గుణించి మళ్లీ చెప్పండి. స్పీడు కూడా తక్కువ చూపుతుంది, కెమెరాల దగ్గర జాగ్రత్త. కంపెనీ మీ మోడల్‌కి ఒప్పుకున్న సైజు కాకపోతే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ రావచ్చు.

ప్రశ్న: ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోల్ పోస్తే మామూలు కారుకి పవర్ పెరుగుతుందా?
- కాకినాడ

జవాబు: మామూలు పెట్రోల్‌కి తయారైన ఇంజిన్‌కి ఎక్కువ ఆక్టేన్‌ది పోస్తే పెరిగేది బిల్లే. ఆక్టేన్ అంటే బలం కాదు, తొందరపడి పేలకుండా ఓర్చుకునే గుణం. కొన్ని టర్బో పెట్రోల్ ఇంజిన్లు ఆ ఓర్పుని వాడుకోగలవు, మాన్యువల్ చూడండి. ఇంకోటి, రెండు మూడేళ్ల కిందటి మైలేజీతో ఇప్పటిది పోల్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇంధనం మారింది కాబట్టి పాత అంకె చెల్లదు.

ప్రశ్న: సైలెన్సర్ మార్చాను, కారు దూసుకుపోతోంది. మా నాన్న ఊరికే తిడుతున్నారు.
- రావులపాలెం

జవాబు: నాన్నగారిది రైటు. దూసుకుపోయేది చప్పుడు. చెవుల్లో దూది పెట్టుకుని పైన చెప్పిన వీడియో పరీక్ష చేసి, అంకెలతో రా. ఈలోగా, కంపెనీ ఇచ్చినదాన్ని చట్టం ఒప్పుకోని విధంగా మారిస్తే మోటారు వాహనాల చట్టంలో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా ఉంది, జైలు దాకా కూడా వెళ్లొచ్చు. రావులపాలెం బ్రిడ్జి దగ్గర ఆపితే నా పేరు చెప్పకు.

ప్రశ్న: సార్, నెలకి రెండుసార్లు రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా భద్రాచలం వెళ్తాను. ఖరీదైన బ్రేక్ ప్యాడ్లు వేయించాను. 60 స్పీడులో ఆపి చూస్తే పాతవాటికంటే రెండడుగుల ముందే ఆగింది. డబ్బులు గిట్టుబాటైనట్టేనా?
- రాజమండ్రి

జవాబు: ఆ రెండడుగులు మీ చేతి లెక్కలో తప్పు అయి ఉంటుంది. 60 నుంచి గట్టిగా ఆపితే మంచి రోడ్డు మీద 17 మీటర్లు పట్టిందనుకుందాం. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు 60 అనుకుని ఒకసారి 61లో తొక్కితే చాలు, రెండడుగులు మారిపోతుంది. ముల్లు చూస్తూ ఎవరూ అంత కచ్చితంగా తొక్కలేరు.

పైగా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొట్టేదాకా తొక్కారంటే పాత ప్యాడ్లు కూడా టైరుని పూర్తిగా పట్టేశాయనే అర్థం. అక్కడ బండిని ఆపేది టైరు, ప్యాడ్ కాదు. మీరు డబ్బు పెట్టింది ఒక్కసారి ఆగడానికి కాదు. మలుపు మలుపుకీ తొక్కుతూ దిగేటప్పుడు పదోసారి కూడా మొదటిసారిలాగే పట్టుకోవాలి, అందుకు పెట్టారు. మన డెల్టా బల్లపరుపు, ఇక్కడ ఎంత తిరిగినా ఆ తేడా బయటపడదు. ముందు కొత్త ప్యాడ్లని ప్యాకెట్ మీద రాసిన పద్ధతిలో డిస్క్‌కి అలవాటు చేయండి. కొత్తవి డిస్క్ మీద సర్దుకోకముందే పరీక్ష పెడితే పాతవే నెగ్గుతాయి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 20కి వరసగా ఎనిమిదిసార్లు తగ్గించండి. ఎనిమిదోసారి పెడల్ ఎంత లోపలికి వెళ్తోంది, ఎంత బలం పెట్టాల్సి వస్తోంది, కాలిన వాసన వస్తోందా, అదీ చూడాల్సింది. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్‌లో మాత్రం ప్రయోగాలు వద్దు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దిగితే ఏ ప్యాడయినా ఎక్కువ కాలం బతుకుతుంది.

ప్రశ్న: ఇదంతా మావల్ల కాదు. కారు మీ షెడ్డుకే తెస్తే మీరు పరీక్షించి పెడతారా?
- కొత్తపేట

జవాబు: తప్పకుండా తెండి. కానీ మే నెల ఉక్కపోతలో ఒక సగం, జనవరి చలిలో ఇంకో సగం అంటే కుదరదు. 35 డిగ్రీల ఉక్కగాలికీ, 20 డిగ్రీల చలిగాలికీ ఇంజిన్‌లోకి వెళ్లే ఆక్సిజన్‌లో ఏడు శాతం దాకా తేడా ఉంటుంది. అన్నీ ఒకే పొద్దున అయిపోవాలి. ఐదుంపావుకి షెడ్డు దగ్గర ఉండండి, సగం ట్యాంకు ఇంధనంతో, డిక్కీ ఖాళీ చేసి. నేను పార్టులు అమ్మను కాబట్టి ఏ అంకె వచ్చినా నాకు ఒకటే. పెట్రోల్ మీది, టిఫిన్ నాది. పాత పార్టు పారేయకుండా డిక్కీలో కాదు, ముందు సీట్లో పెట్టుకుని తీసుకురండి. మర్చిపోతే వెనక్కి పంపించేస్తాను, కిందటి నెల ఒకాయన్ని అలాగే పంపాను.